నేరం ఒప్పుకొన్న తరువాత: శిక్షపై అప్పీలు, రక్షణ ఉత్తర్వుపై అప్పీలు

ధర్మపురి జిల్లాలోని కింది న్యాయస్థానాలలో వ్యవహారం తమిళంలో సాగుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువారికి తమిళం పరాయి భాష కాదు. అంగడిలో, బస్సులో, బడిలో అది వారికి ఏనాడూ అడ్డు రాలేదు. అయితే న్యాయస్థానపు తమిళం అంగడి తమిళం కాదు. కుప్పం, చిత్తూరు ప్రాంతాల నుండి కోడళ్లుగా వచ్చినవారికి, కూలిపనులకై వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారికి, ఇల్లు దాటి ఎక్కువగా తిరగని వృద్ధులకు ఆ భాష సగమే అందుతుంది. పూర్తిగా తెలియని మాట కంటె సగం తెలిసిన మాటే అక్కడ ఎక్కువ చేటు చేస్తుంది.

రెండు మాటలు చూస్తే చాలు. తమిళంలో 'కుట్రం' అంటే నేరం. తెలుగు చెవికి అది 'కుట్ర'గా వినబడుతుంది. ఎవరితోను కలిసి ఏ పన్నాగమూ పన్నని మనిషి ఆ ప్రశ్నకు తికమక పడడం సహజం. తమిళంలో 'అపరాదం' అంటే జరిమానా. తెలుగులో 'అపరాధం' అంటే తప్పు, నేరం. ఇక 'ఒప్పుకొనుట' రెండు భాషలలోను ఒకటే. 'అపరాదం' కట్టి వెళ్లిపొమ్మని చుట్టూ ఉన్నవారు చెప్పగా, జరిమానా కడితే విషయం ముగుస్తుందని తలచి 'ఆమాం' అన్న మనిషి నిజానికి చేసిన పని వేరు. నేరం చేశానని ఆయన న్యాయమూర్తి ఎదుట అంగీకరించారు. ఆ ఒక్క మాటపై ఆయనను దోషిగా నిర్ణయించవచ్చు. సాక్షులను విచారించవలసిన పని ఇక లేదు.

అలా ఒప్పుకొన్న తరువాత పై న్యాయస్థానానికి వెళ్లే దారి ఎంతవరకు మిగిలి ఉంటుంది? దానితోపాటు కుటుంబ వివాదంలో రక్షణ ఉత్తర్వు కూడా ఉంటే దాని సంగతి ఏమిటి? ఈ పాఠం ఈ రెండు ప్రశ్నలకు పరిమితం.

మూసుకొనే తలుపు, తెరిచి ఉండే తలుపు

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 416వ సెక్షన్ ఈ విషయాన్ని నిర్ణయిస్తుంది. అంతకు ముందున్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే నియమం 375వ సెక్షన్‌గా ఉండేది. 1898 నాటి కోడ్‌లో 412వ సెక్షన్‌గా ఉండేది. చట్టం పేరు మారినా నియమం నూరేండ్లకు పైగా మారలేదు. దాని సారాంశం ఇది: నిందితుడు నేరం ఒప్పుకొని, ఆ ఒప్పుకోలు ఆధారంగా మేజిస్ట్రేటు గాని సెషన్స్ న్యాయస్థానం గాని దోషిగా తీర్పు చెప్పినట్లయితే, శిక్ష పరిమాణం గురించి, శిక్ష చట్టబద్ధత గురించి తప్ప అప్పీలు లేదు.

అంటే 'నేను ఆ పని చేయలేదు' అనే వాదనకు అప్పీలులో చోటు లేదు. 'చేసిన పనికి ఈ శిక్ష ఎక్కువ' అనవచ్చు. 'ఈ శిక్ష వేసే అధికారం చట్టం ఇవ్వలేదు' అని కూడా అనవచ్చు. చాలామంది ఈ తేడాను చిన్నదిగా చూస్తారు. అది చిన్నది కాదని ధర్మపురి ప్రజలకు బాగా తెలిసిన ఒక వ్యాజ్యమే చూపుతుంది. 2000 ఫిబ్రవరి 2న ఈ పట్టణం సమీపంలో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు బస్సుకు నిప్పు పెట్టగా ముగ్గురు విద్యార్థినులు మరణించారు. 2007లో సేలం సెషన్స్ న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష విధించింది. హైకోర్టు, ఆపైన 2010లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయపరచాయి. తిరిగి 2016 మార్చిలో, పునఃసమీక్షలో, సుప్రీంకోర్టే దానిని యావజ్జీవ శిక్షగా మార్చింది. దోషనిర్ణయం చెక్కుచెదరలేదు, మారినది శిక్ష ఒక్కటే. ఆ కేసులో ఎవరూ నేరం ఒప్పుకొనలేదు, అక్కడి ఘోరాన్ని చిన్న కేసులతో పోల్చరాదు కూడా. అయినా దోషం ఒక ప్రశ్న, శిక్ష మరొక ప్రశ్న అన్న సంగతిని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ ఈ జిల్లాలో లేదు.

చట్టబద్ధత గురించిన అభ్యంతరాలు సాధారణంగా లెక్కకు సంబంధించినవి. గరిష్ఠంగా ఒక సంవత్సరం జైలు గల నేరానికి పదిహేను నెలలు విధిస్తే ఆ శిక్ష నిలువదు. జైలుతో కూడ శిక్షించదగిన నేరంలో జరిమానా కట్టలేకపోయినందుకు విధించే అదనపు జైలు, ఆ నేరానికి గల గరిష్ఠ జైలుకాలంలో నాలుగవ వంతును మించరాదు. విచారణ కాలంలో జైలులో గడిపిన రోజులను శిక్షలో తగ్గించాలి. పరిమాణం గురించిన వాదన వేరు రకం: వయస్సు, ఇదే మొదటి నేరం కావడం, పోషించవలసినవారు, ఒప్పుకోలు వెనుక ఉన్న పశ్చాత్తాపం. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద జైలుకు పంపకుండా మంచి నడవడికకు హామీపత్రం తీసుకొని విడిచిపెట్టే అధికారం అప్పీలు న్యాయస్థానానికి కూడా ఉంది. కింది న్యాయస్థానం ఆ అవకాశాన్ని పరిశీలించకపోతే ఆ మాట అప్పీలులో తప్పక లేవనెత్తదగినది.

అప్పీలు వేస్తే శిక్ష పెరుగుతుందేమో అన్న భయం పల్లెలలో గట్టిగా ఉంది. దోషి వేసిన అప్పీలులో శిక్షను పెంచే అధికారం పై న్యాయస్థానానికి లేదు. పెంచమని కోరుతూ ప్రభుత్వం వేరుగా అప్పీలు వేస్తేనే ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా దోషికి నోటీసు ఇచ్చి, ఆయన వాదన వినవలసిందే. మేజిస్ట్రేటు కేవలం నూరు రూపాయలకు మించని జరిమానా విధించిన అల్పమైన కేసులలో మాత్రం అసలు అప్పీలే లేదు.

ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు కానప్పుడు

416వ సెక్షన్ మూసే తలుపు 'ఒప్పుకోలు ఆధారంగా' దోషిగా తేలినవారికి మాత్రమే. ఆ ఒప్పుకోలే సరియైనది కాదని చూపగలిగితే ప్రశ్న మొత్తం మారిపోతుంది.

ఒక ఊహా ఉదాహరణ. భార్య పని చేసే చోటికి, పిల్లల బడికి వెళ్లరాదని ఒక భర్తపై రక్షణ ఉత్తర్వు ఉంది. ఆయన బడికి వెళ్లారు. పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట నిలిపారు. ప్రశ్న తమిళంలో అడిగారు. ఆయన తెలుగులో 'పోయిన మాట నిజమే సార్, ఫీజు కట్టను పోయినాను' అన్నారు. కాగితంపై 'నేరం ఒప్పుకొన్నాడు' అని చేరింది. ఈ రెండు వాక్యాలూ ఒకటి కావు. వెళ్లినట్లు చెప్పడం ఒక సంఘటనను అంగీకరించడం మాత్రమే. నేరం కావాలంటే ఉత్తర్వు అమలులో ఉండాలి, అది ఆయనకు తెలిసి ఉండాలి, ఆ ఉత్తర్వు నిషేధించిన పనినే ఆయన చేసి ఉండాలి. ఉత్తర్వు ప్రతి తనకు ఎన్నడూ అందలేదన్నది ఆయన మాట అయితే, అది ఒప్పుకోలు కానే కాదు, రక్షణ వాదన.

ఇటువంటి చిన్న కేసులలో నిందితుని మాటలను వీలైనంతవరకు ఆయన పలికిన మాటలలోనే నమోదు చేయాలని సంహితలోని 275వ సెక్షన్ చెబుతోంది. ఒప్పుకొన్నంత మాత్రాన దోషిగా నిర్ణయించి తీరాలని కూడా లేదు, అది మేజిస్ట్రేటు విచక్షణకు విడిచిన విషయం. కనుక మాటకు మాట ఎలా అనువదించారన్నది ఇక్కడ సాహిత్య చర్చ కాదు, ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం. అర్థం కానప్పుడు జవాబు చెప్పకముందే 'నాకు తమిళం సరిగా రాదు, తెలుగు తెలిసిన దుబాసీ కావాలి' అని న్యాయమూర్తికి చెప్పుకొనడం అగౌరవం కాదు. మౌనంగా తల ఊపడమే ప్రమాదం.

ఆశ చూపి ఒప్పించినప్పుడు ఏమవుతుందన్నది పొరుగున ఉన్న కర్ణాటక నుండి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక అప్పీలులో తేలింది. ఆ తీర్పు 1983 సంవత్సరపు తీర్పుల సంపుటాలలో ఉంది. నిర్లక్ష్యం వలన మరణం కలిగించిన నేరాన్ని నిందితుడు ఒప్పుకొన్నాడు. మేజిస్ట్రేటు జరిమానాతో సరిపెట్టారు. ప్రభుత్వం పైకి వెళ్లగా హైకోర్టు జైలుశిక్ష కూడా విధించింది. తేలికగా విడిచిపెడతారన్న నమ్మకం కలిగించి నేరం ఒప్పించి, ఆ తరువాత శిక్ష పెంచడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష చాలదని పై న్యాయస్థానం భావిస్తే దోషనిర్ణయాన్నే రద్దు చేసి, నిందితుడు తన వాదన వినిపించుకొనేలా మళ్లీ విచారణకు పంపాలన్నది ఆ తీర్పు చూపిన మార్గం.

ఒప్పుకోలే లోపభూయిష్ఠమైనప్పుడు అప్పీలుతో పాటు రివిజన్ అనే దారి ఉంది. దానిని సెషన్స్ న్యాయస్థానంలో గాని హైకోర్టులో గాని, ఒకే చోట, 90 రోజులలో వేయాలి. రెండింటిలో ఏది తగినదో నిర్ణయించడం న్యాయవాది పని.

ప్లీ బార్గెయినింగ్ అనే పద్ధతిని కూడా ఇక్కడ ఒక మాటలో ముగించవచ్చు. 2006 జూలై నుండి అమలులోకి వచ్చిన ఆ పద్ధతిలో, ఇరుపక్షాలు కూర్చొని కుదుర్చుకొన్న తీర్పుపై మామూలు అప్పీలు లేదు. రాజ్యాంగం కింద హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లే ప్రత్యేక మార్గాలు మాత్రమే మిగులుతాయి. మహిళలపై జరిగిన నేరాలకు ఆ పద్ధతి వర్తించదు. కనుక భార్యపై క్రూరత్వం కేసులో 'మాట్లాడి తగ్గిస్తాం, ఒప్పుకో' అని ఎవరైనా చెబితే, ఆ మాట వెనుక చట్టం లేదని తెలుసుకోవాలి.

రక్షణ ఉత్తర్వు శిక్ష కాదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. జైలు ముగిసింది, జరిమానా కట్టేశాము, ఇక ఇంటికి పోవచ్చునని అనుకొంటారు. గృహ హింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005 కింద మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు శిక్షలో భాగం కాదు. అది ఒకరిని దండించడానికి ఇచ్చినది కాదు, మరొకరిని కాపాడడానికి ఇచ్చినది. హింసకు పాల్పడరాదని, ఆమె పని చేసే చోటికి వెళ్లరాదని, ఫోనులో గాని మరే విధంగా గాని సంప్రదించరాదని 18వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. ఎంతకాలం? బాధితురాలు స్వయంగా రద్దు కోరేవరకు. 25వ సెక్షన్ చెప్పేది ఇదే. శిక్షాకాలం ముగియడంతో ఆ ఉత్తర్వు ముగియదు.

దానిని ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఒక సంవత్సరం వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలుకు హక్కు లేని నేరం. బాధితురాలి ఒక్కరి సాక్ష్యంపైనే న్యాయస్థానం ఉల్లంఘన జరిగినట్లు నిర్ణయించవచ్చునని 32వ సెక్షన్ చెబుతోంది. గృహ హింస ఫిర్యాదుపై ఇచ్చే ఉత్తర్వులు సివిల్ స్వభావం గలవి. ఉల్లంఘనతోనే వ్యవహారం నేరమవుతుంది. తమిళనాడు నుండి వెళ్లిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది.

కనుక ఉల్లంఘన నేరం ఒప్పుకొని శిక్ష పొందిన వ్యక్తి ముందు రెండు వేర్వేరు కాగితాలు ఉంటాయి: శిక్ష విధించిన తీర్పు, అంతకు ముందే ఉన్న రక్షణ ఉత్తర్వు. శిక్షపై అప్పీలు ఎంత బాగా సాగినా రక్షణ ఉత్తర్వు దానంతట అది కదలదు. దానిపై అప్పీలు 29వ సెక్షన్ కింద సెషన్స్ న్యాయస్థానంలో వేరుగా వేయాలి. నేరం ఒప్పుకొన్నవారికి అప్పీలులో ఉండే పరిమితి ఈ రెండవ అప్పీలుకు లేదు, ఎందుకంటే ఆ ఉత్తర్వు ఒప్పుకోలుపై వచ్చిన దోషనిర్ణయం కాదు. హింస జరిగిందా, ఉత్తర్వు అవసరమా, దాని షరతులు మితిమీరాయా అన్న ప్రశ్నలన్నీ అక్కడ లేవనెత్తవచ్చు.

రెండింటికీ గడువు ముప్పై రోజులే, కాని లెక్క మొదలయ్యే రోజు ఒకటి కాదు. శిక్షపై సెషన్స్ న్యాయస్థానానికి వేసే అప్పీలుకు తీర్పు తేదీ నుండి ముప్పై రోజులు. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని అందులో తీసివేస్తారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం న్యాయస్థానానికి ఉంది. రక్షణ ఉత్తర్వుపై అప్పీలుకు, ఆ ఉత్తర్వు బాధితురాలికి, ప్రతివాదికి అందిన తేదీలలో ఏది తరువాతిదో దాని నుండి ముప్పై రోజులు. ఉత్తర్వు ఆరు నెలల కిందటిది, శిక్ష నిన్నటిది అయితే మొదటిదాని గడువు ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు. అటువంటప్పుడు 25వ సెక్షన్ కింద, పరిస్థితులు మారాయని చూపి, ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటునే మార్పు కోరడం మేలు. ఆ మార్పు ఉత్తర్వు తరువాత జరిగినదై ఉండాలని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో చెప్పింది. పాత వాదననే కొత్త అర్జీలో పెట్టడం చెల్లదు.

అప్పీలు వేసినంత మాత్రాన ఏదీ ఆగిపోదు. జైలుశిక్షను నిలిపి బెయిలు ఇవ్వమని 430వ సెక్షన్ కింద వేరుగా కోరాలి. దోషి అప్పటికే బెయిలుపై ఉండి, శిక్ష మూడేండ్లకు మించకపోతే, అప్పీలు వేసుకొనేందుకు సరిపడే కాలానికి తీర్పు చెప్పిన న్యాయస్థానమే సాధారణంగా బెయిలు ఇస్తుంది. శిక్ష నిలిచినా రక్షణ ఉత్తర్వు నిలువదు, దానిపై స్టే విడిగా పొందాలి. 'అప్పీలు వేశాను గదా' అని ఆ మధ్యకాలంలో భార్య ఇంటి గడప తొక్కిన మనిషి మరొక కొత్త నేరానికి తానే తలుపు తీసినట్లు. రాజీ మాట్లాడడానికి బంధువులను వెంటబెట్టుకొని వెళ్లడం, పెద్దమనుషుల చేత ఫోను చేయించడం కూడా ఉత్తర్వు మాటలను బట్టి ఉల్లంఘన కావచ్చు. ఊరి మర్యాదలో అది మంచి ప్రయత్నం. ఉత్తర్వులో సంప్రదింపులు నిషేధించినట్లయితే చట్టం దృష్టిలో అది మంచి ప్రయత్నం కాదు.

బాధితురాలి వైపు నుండి

ఇంతవరకు చెప్పినది శిక్ష పొందినవారి కోణం. ఆ ఉత్తర్వు ఎవరికోసం ఉన్నదో ఆమె తెలుసుకోవలసినవి కూడా ఉన్నాయి. భర్త నేరం ఒప్పుకొన్నంత మాత్రాన, శిక్ష అనుభవించినంత మాత్రాన తన రక్షణ తొలగిపోదు. ఆయన 29వ సెక్షన్ కింద అప్పీలు వేస్తే ఆమెకు నోటీసు వస్తుంది. ఆ నోటీసును 'గెలిచిన కేసే గదా' అని పక్కన పెట్టరాదు. ఆమె రాకపోతే ఆయన మాట ఒక్కటే వినబడుతుంది. ఉత్తర్వులో తనకు అవసరమైనది లేకపోతే, ఉదాహరణకు బడి పేరు గాని పని చేసే చోటు గాని విడిచిపోతే, అదే ముప్పై రోజులలో ఆమె కూడా అప్పీలు వేయవచ్చు.

ఉత్తర్వు ప్రతిని ఇరుపక్షాలకు ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. ఆ ప్రతి పోలీసు స్టేషనుకు కూడా చేరాలి. తమిళంలో ఉన్న ఆ కాగితాన్ని బీరువాలో దాచక, చదవగలవారి చేత షరతు షరతుగా చదివించుకొని, ఏది నిషిద్ధమో ఏది కాదో తెలుగులో ఒక చీటీపై వ్రాసి పెట్టుకొనడం ఉభయులకు మేలు.

ఎక్కడికి వెళ్లాలి

జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. పాలక్కోడు, పెన్నాగరం, హరూరు తాలూకాలలో మేజిస్ట్రేటు చెప్పిన తీర్పుపై అప్పీలు ధర్మపురిలోని సెషన్స్ న్యాయస్థానానికి వస్తుంది. సేలం కేంద్ర కారాగారంలో గాని మరే జైలులో గాని ఉన్నవారు అర్జీని జైలు అధికారికి ఇస్తే చాలు. దానిని న్యాయస్థానానికి పంపడం ఆ అధికారి బాధ్యత.

న్యాయవాదికి ఇవ్వడానికి డబ్బు లేదన్నది అప్పీలు మానుకోవడానికి కారణం కానక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. అంటే ఒకే వివాదంలో జైలులో ఉన్న భర్తకు, బయట ఉన్న భార్యకు వేర్వేరు న్యాయవాదులను ప్రభుత్వమే సమకూర్చవచ్చు. ధర్మపురి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆపదలో ఉన్న మహిళలు 181కి చేయవచ్చు. జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలోని రక్షణాధికారిని కూడా కలుసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు తీర్పు నకలు, రక్షణ ఉత్తర్వు ప్రతి, ఆ ప్రతి చేతికి అందిన తేదీని చూపే కాగితం, జైలులో గడిపిన రోజుల వివరం వెంట ఉండాలి. ఒప్పుకొన్న రోజున న్యాయస్థానంలో ఏ భాషలో ఏమి అడిగారో, ఏ భాషలో ఏమి జవాబిచ్చారో జ్ఞాపకం చెదరకముందే వ్రాసుకొని, ఆ కాగితాన్ని కూడా న్యాయవాదికి ఇవ్వాలి.